కడియం నర్సరీ నుంచి తెచ్చిన జాఫ్రా, కొండగోగు మొక్కలు: మూడేళ్ల తరువాత నా అభిప్రాయం

2022 ఆషాఢంలో కడియం మండలంలోని ఒక నర్సరీ నుంచి మూడు మొక్కలు కొని, యలమంచిలి దగ్గర మా ఇంటి పెరట్లో నాటాను. వాటిలో రెండు, గింజల నుంచి నారింజ రంగు ఇచ్చే జాఫ్రా మొక్కలు. ఒకటి గింజ నుంచి పెంచినది, దాని ధర అరవై రూపాయలు. రెండవది గాలి అంటు కట్టినది, దానికి రెండు వందలు తీసుకున్నారు. మూడవది కొండగోగు అని చీటీ కట్టి ఉన్న మొక్క, రెండు వందల యాభై రూపాయలు. మొక్కల నర్సరీ మీద అభిప్రాయం కొన్న వారంలోనే రాస్తే ఆకులు పచ్చగా ఉన్నాయా లేదా అన్నంత వరకే రాయగలం. చెట్టు పూసి, కాసి, కాయ పగిలేదాకా చూస్తే గాని మనం అడిగిందే ఇచ్చారా అన్నది తెలియదు. అందుకే ఇంతకాలం ఆగాను.

ఈ మూడింటినీ ఒకేసారి ఎంచుకోవడానికి కారణం ఉంది. జాఫ్రా, కొండగోగు రెండూ బిక్సేసీ అనే ఒకే కుటుంబానికి చెందినవి. ఉష్ణమండలపు చెట్లు, పొదలు ఉన్న చిన్న కుటుంబం ఇది. మొత్తం నాలుగు ప్రజాతులు, రెండు డజన్లకు అటూ ఇటూగా జాతులు. ఒకప్పుడు కొండగోగునూ దాని తోటివాటినీ వేరే కుటుంబంగా లెక్కపెట్టేవారు. 2009లో వెలువడిన పుష్పించే మొక్కల వర్గీకరణ వాటిని జాఫ్రాతో కలిపేసింది. పత్తి, మందారం, గోంగూర ఉన్న క్రమంలోనే ఈ కుటుంబాన్నీ ఉంచారు. కొండ మీద పెరిగే ఈ చెట్టును గోగుతో పోల్చి కొండగోగు అని పిలిచిన మన పెద్దల చూపు ఎంత నిశితమైనదో ఆ వరుసను చూస్తే నాకు అర్థమైంది. ఇంకొక కారణం పూర్తిగా ఇంటిది. మా అత్తయ్యగారి పుట్టిల్లు కొండల అంచున ఉన్న ఊరు. కొండగోగు కాయలు పగిలినప్పుడు వచ్చే దూదిని ఏరి తెచ్చి చంటిపిల్లల తలగడల్లో కూరేవారని, ఆ తలగడకు బరువే ఉండదని ఆవిడ చెప్పని వేసవి లేదు. ఆ దూదిని ఒక్కసారి ఆవిడ చేతిలో పెట్టాలన్నది నా కోరిక.

ముందు నర్సరీ పనితనం గురించి చెబుతాను, ఎందుకంటే ఆ విషయంలో వారిని మెచ్చుకోకుండా ఉండలేను. కవరు కోసి చూసినప్పుడు మూడు మొక్కల వేళ్లూ తెల్లగా, ఆరోగ్యంగా ఉన్నాయి; కవరు అడుగున చుట్టలు చుట్టుకుపోయిన తల్లివేరు ఒక్కదానికీ లేదు. మట్టిలో ఎర్రమన్ను, మాగిన పశువుల ఎరువు, కొద్దిగా ఇసుక ఉన్నాయి, కొబ్బరిపొట్టు చాలా తక్కువ. వట్టి కొబ్బరిపొట్టులో పెంచిన మొక్కలు నర్సరీలో నిగనిగలాడుతూ కనిపించినా మన నేలలో పెట్టిన నెలకే డీలా పడడం చాలాసార్లు చూశాను కాబట్టి, ఇది నాకు పెద్ద విషయమే. ప్రయాణానికి ముందు వేళ్ల చుట్టూ తడి గోనె చుట్టి, కొమ్మలు విరగకుండా వరిగడ్డితో కట్టి ఇచ్చారు. దారిలో ఒక్క కొమ్మ కూడా విరగలేదు.

జాఫ్రా విషయానికి వస్తే, కొనేవారు మొదట పేర్ల చిక్కును దాటాలి. నర్సరీ చీటీ మీద 'కుంకుమ చెట్టు' అని రాసి ఉంది. మన అడవుల్లో సహజంగా పెరిగే సిందూరి చెట్టునూ కొన్నిచోట్ల కుంకుమ చెట్టనే అంటారు. దాని కాయల మీది ఎర్రని పొడిని పూర్వం పట్టు అద్దకానికి వాడేవారు, అయితే దానికీ జాఫ్రాకూ చుట్టరికం లేదు. జాఫ్రా పుట్టిల్లు ఉష్ణమండల అమెరికా. 1753లో లిన్నేయస్ దీనికి పెట్టిన బిక్సా ఒరెల్లానా అన్న పేరులోని రెండవ మాట, 1541, 42 సంవత్సరాల్లో అమెజాన్ నది వెంట ప్రయాణించిన స్పెయిన్ దేశస్థుడు ఫ్రాన్సిస్కో దె ఒరెల్లానా పేరు. ఇంకా ఒక అపోహ నర్సరీలోనే విన్నాను: నుదుట పెట్టుకునే కుంకుమ ఈ గింజల నుంచే వస్తుందని అక్కడి కుర్రవాడు ఎవరికో చెబుతున్నాడు. మన ఇళ్లలో సంప్రదాయంగా చేసే కుంకుమ పసుపు కొమ్ములను నిమ్మరసం, పటిక, వెలిగారాలలో నానబెట్టి ఆరబెట్టి దంచినది. జాఫ్రాతో దానికి పని లేదు. అమ్మేవారు ఈ తేడా తెలుసుకుని చెబితే కొనేవారికి మేలు.

రెండు జాఫ్రా మొక్కలనూ ఒకే రోజు, పది అడుగుల ఎడంలో, ఒకే ఎరువుతో నాటాను. అంటు మొక్క రెండవ ఏడాది వానల చివర, 2023 సెప్టెంబరులో మొదటి పూత పూసింది. గింజ మొక్క ఇంకొక ఏడాది ఆగి 2024లో పూసింది. తేడా కాలంలోనే కాదు. అంటు మొక్క గులాబీ రంగు పూలు పూసి, ముదురు ఎరుపు ముళ్ల కాయలు కాసింది. చీటీ మీద ఉన్న బొమ్మ అదే. గింజ మొక్క మాత్రం తెల్లని పూలు, పచ్చని కాయలు ఇచ్చింది. గింజ నుంచి వచ్చిన మొక్క తల్లిచెట్టులా ఉంటుందన్న నమ్మకం లేదు కాబట్టి దీనిని మోసం అనను. అయితే ఆ మాట కొనేటప్పుడే చెప్పి ఉండవలసింది. ఎర్రకాయల అందం కోసం కొనేవారు నూట నలభై రూపాయలు ఎక్కువైనా అంటు మొక్కనే అడగాలని, కుదిరితే దాని తల్లిచెట్టు కాయను చూపించమని కూడా అడగాలని నా సలహా.

జాఫ్రా పువ్వును దగ్గరగా చూడాలంటే తెల్లవారేసరికి పెరట్లో ఉండాలి. ఐదు రేకులు, మధ్యలో లెక్కపెట్టలేనన్ని కేసరాలు. పువ్వు ఒక్క రోజు మాత్రమే ఉంటుంది. ఈ పువ్వులో తేనె లేదు. ఉన్నదల్లా పుప్పొడే, అదీ కేసరాల కొనలో సన్నని రంధ్రాల లోపల దాగి ఉంటుంది. మా పెరటి తేనెటీగలు పువ్వు మీద వాలి, కాసేపు తడిమి పోతాయి. నల్లని తుమ్మెద వచ్చినప్పుడు కథ వేరు. అది కేసరాల గుత్తిని కాళ్లతో గట్టిగా పట్టుకుని, రెక్కలు కదపకుండానే ఒళ్లంతా అదరగొడుతుంది. ఎగిరేటప్పటి ఝంకారం కంటే హెచ్చు స్థాయిలో ఒక చిన్న జుయ్యిమన్న శబ్దం వస్తుంది, వెంటనే ఉప్పుడబ్బా కుదిపినట్టుగా పసుపు పొడి దాని పొట్ట మీద రాలుతుంది. మొదటిసారి ఆ శబ్దం విన్నప్పుడు పురుగు ఎక్కడో చిక్కుకుందనుకుని చేయి పెట్టబోయాను. తుమ్మెదలు గూడు కట్టుకోవడానికి మా పాక వాసాలకు పెట్టిన చిల్లులను మూయించాలని మావారు చాలాకాలంగా అంటున్నారు. జాఫ్రా పూసిన తరువాత ఆ ఆలోచన మానుకున్నాం.

కాయలు సంక్రాంతి దాటాక ఎండి, రెండు చెక్కలుగా పగిలాయి. ఒక కాయ విప్పి లెక్కపెడితే నలభై మూడు గింజలు ఉన్నాయి. ప్రతి గింజ మీదా మైనంలాంటి ఎర్రని పొర. వేళ్లకు అంటితే సబ్బుతో రెండుసార్లు కడిగినా గోళ్ల చుట్టూ నారింజ చార మిగిలింది. ఆ పొరలోని బిక్సిన్ అనే రంగుపదార్థం కోసమే ప్రపంచమంతా ఈ చెట్టును పెంచుతున్నారు. చీజ్, వెన్న, మిఠాయిలకు ఇచ్చే పసుపు, నారింజ రంగులలో ఇది ఒకటి. పొట్లాల మీద ఇ160బి అన్న సంఖ్య కనిపిస్తే అది ఇదే. మెక్సికోలో అచియోతె అని, బ్రెజిల్‌లో ఉరుకుం అని పిలుస్తూ వంటలో వాడతారు.

నేను వంటలో వాడిన తీరు చెబుతాను. నాలుగు చెంచాల వేరుశనగ నూనెలో ఒక చెంచా గింజలు వేసి సన్నని సెగ మీద పెడితే, నూనె వేడెక్కే కొద్దీ రంగు దిగి రెండు నిమిషాల్లో కాషాయం అవుతుంది. అక్కడితో దించేసి వడకట్టాలి. ఒకసారి పోపు వేసినట్టుగా బాగా కాగిన నూనెలో వేశాను. రంగు గోధుమగా మారి, నూనె చేదెక్కింది. సరిగా తీసిన నూనెతో కూరగాయల పులావు చేస్తే రంగు ముచ్చటగా వచ్చింది. రుచిలో మట్టివాసనలాంటి ఒక మెత్తదనం తప్ప ఘాటు ఏమీ లేదు. పసుపుకు బదులుగా పులిహోరలో వేయవచ్చా అంటే వద్దంటాను, ఆ వంటకానికి పసుపు వాసనే ప్రాణం. అంటు చెట్టు మొదటి కాపుకు ఎండు గింజలు పావుకిలో వచ్చాయి. బజారులో ఒకసారి కొన్న గింజలు ఇటుక రంగుకు తిరిగి, నూనెలో వేస్తే రంగు సగమే దిగింది; వెలుతురు తగిలేలా నిలవ ఉంచడం వల్ల అలా జరిగిందనుకుంటాను. పెరటి గింజలను సీసాలో పోసి చీకటి అరలో ఉంచాను, ఏడాది దాటినా రంగు తగ్గలేదు.

అద్దకంలో కూడా చూశాను. మాకు దగ్గరలోనే వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో లక్కబొమ్మలకు వాడే సహజ రంగులలో జాఫ్రా గింజల నారింజ కూడా ఉంది. అంకుడు కర్రను తరిణి మీద తిప్పుతూ రంగు కలిపిన లక్కను అద్దే ఆ పనికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులను తిరిగి వాడుకలోకి తేవడానికి పాటుపడిన సి.వి.రాజుగారికి 2023లో పద్మశ్రీ ప్రకటించారు. చిన్నప్పటి నుంచి ఆ బొమ్మల నారింజ రంగును చూస్తున్నా, అది ఏ చెట్టుదో మా పెరట్లో కాయ పగిలేదాకా తెలియకపోవడం నాకు బాధ కలిగించింది. పాత నేత పంచె ముక్కను పటిక నీటిలో నానబెట్టి, చాకలి సోడా వేసి మరిగించిన జాఫ్రా నీటిలో అరగంట ఉంచాను. బయటకు తీసినప్పుడు మామిడిపండు లోపలి రంగు. నిమ్మరసం పిండిన నీటిలో ముంచగానే ఎరుపు డాలు తిరిగింది. ఆ గుడ్డను రెండు ముక్కలు చేసి ఒకటి బీరువాలో, ఒకటి ఎండ పడే కిటికీ దగ్గర ఉంచాను. నెల తిరిగేసరికి కిటికీ దగ్గరిది పాలమీగడ రంగుకు వచ్చేసింది, బీరువాలోది ఇప్పటికీ అలాగే ఉంది. ఎండలో తిరిగే బట్టకు ఈ రంగు పనికిరాదు. లక్క పొరలో కలిసి, ఇంటి లోపల ఉండే బొమ్మ మీద అది ఎందుకు నిలుస్తున్నదో ఈ చిన్న పరీక్ష నాకు చెప్పింది.

ఇక కొండగోగు. నా అసంతృప్తి అంతా ఇక్కడే ఉంది.

కొండగోగు మన తూర్పు కనుమల రాతిగుట్టల మీద, ఏమీ పెరగని ఎండునేలలో పెరిగే చెట్టు. చలికాలంలో ఆకులన్నీ రాల్చేసి, మాఘం, ఫాల్గుణం నెలల్లో వట్టి కొమ్మల కొసన అరచేయంత పసుపు పూలు పూస్తుంది. ఆకు మూడు నుంచి ఐదు తమ్మెలుగా చీలి, అడుగువైపు బూడిద రంగు నూగుతో మెత్తగా ఉంటుంది. పియరు పండు ఆకారంలోని కాయ ఐదు చెక్కలుగా పగిలి, మూత్రపిండం ఆకారపు గింజల చుట్టూ పట్టులాంటి దూదిని బయటపెడుతుంది. పాత వృక్షశాస్త్ర పుస్తకాల్లో దీని జాతి పేరుగా ఉన్న గాసీపియం అన్న మాటకు పత్తి అనే అర్థం. దీని బెరడు నుంచి వచ్చే బంకను అడవి ఊళ్లలో సేకరిస్తారు. తపసి బంకలాగే నీటిలో ఉబ్బుతుంది గాని, రెండూ వేరు వేరు చెట్లవి.

నాకు ఇచ్చిన మొక్క మొదటి ఏడాదే ఏపుగా నడుమెత్తు దాటింది. నర్సరీవారు రోజూ నీళ్లు పోయమన్నారు; ఆకు రాల్చిన చెట్టుకు నీళ్లు పోస్తే లావైన వేళ్లు కుళ్లుతాయని తెలుసు కాబట్టి కార్తీకం నుంచి నేను ఆపేశాను. రెండవ ఏడాది ఆకులను దగ్గరగా చూసినప్పుడు అనుమానం మొదలైంది. తమ్మెలు ఐదు నుంచి ఏడు ఉన్నాయి, అంచులు రంపపు పళ్లలా ఉన్నాయి, తిరగేసి బుగ్గకు ఆనిస్తే నూగు లేదు. 2025 ఫిబ్రవరిలో మొగ్గలు విచ్చుకున్నాక అనుమానం తీరిపోయింది. ఐదు రేకుల పువ్వు కాదు, ముద్దపువ్వు. పసుపు ముద్ద గులాబీని కొమ్మ కొసన గుచ్చినట్టుగా ఉంది. అది మెక్సికో నుంచి దక్షిణ అమెరికా ఉత్తర భాగం దాకా పెరిగే, కొండగోగుకు దాయాది అయిన చెట్టులో ముద్దపూల రకం. వీధిలో పోయేవారంతా ఆగి చూసేంత అందంగా ఉంది, అందులో సందేహం లేదు. కాని ముద్దపువ్వులో కేసరాలు రేకులుగా మారిపోతాయి. పుప్పొడి లేదు కాబట్టి జాఫ్రా మీద రోజూ వాలే తుమ్మెద దీని దగ్గరకు వచ్చి, ఒక చుట్టు తిరిగి వెళ్లిపోయింది. కాయ పట్టలేదు. కాయ లేని చోట దూది ఎక్కడిది? అత్తయ్యగారిని కుర్చీలో కూర్చోబెట్టి చెట్టు కిందకు తీసుకువెళ్లాం. ఆవిడ రాలిన పువ్వును చేతిలోకి తీసుకుని, రేకులు విడదీసి చూసి, "ఇది మా కొండది కాదమ్మా" అన్నారు.

ఏప్రిల్‌లో రాలిన పువ్వు, ఒక ఆకు కాగితంలో పెట్టుకుని కడియం వెళ్లాను. నర్సరీ పెద్దాయన వాదించలేదు. "తోటలకు అందరూ ఈ ముద్దపువ్వే అడుగుతారమ్మా, కొండగోగు అన్న పేరు దీనికే కట్టేశాం. అసలుది అడిగేవాళ్లు ఏరీ" అన్నారు. ఆ మాటలో నిజం ఉంది, నా ఫిర్యాదు కూడా అక్కడే ఉంది. కొమ్మ నాటితే రెండు, మూడేళ్లలో పూసే పైదేశపు మొక్కకు, గట్టి పెంకు గింజ నుంచి మొలిచి నెమ్మదిగా ఎదిగే మన గుట్టల చెట్టు పేరు కట్టి అమ్ముతూ పోతే, కొన్నాళ్లకు ఆ పేరు చెప్పినప్పుడు జనానికి గుర్తుకొచ్చేది ముద్దపువ్వే అవుతుంది. ఆయన డబ్బు తిరిగి ఇస్తానన్నారు. నేను వద్దని, అసలు కొండగోగు కావాలన్నాను. నాలుగు నెలలు పడుతుందని చెప్పి, ఫోను నంబరు రాసుకున్నారు.

నేను మరచిపోయిన మాట వారు మరచిపోలేదు. ఆగస్టు చివర ఫోను చేశారు. మన్యం వైపు నుంచి తెప్పించిన కాయల గింజలను పెంకు గీరి, నానబెట్టి నాటితే పన్నెండింటికి నాలుగు మొలిచాయట. వాటిలో ఒకటి నాకు ఉచితంగా ఇచ్చారు. చీటీ మీద ఈసారి 'కొండగోగు, గింజ మొక్క, ఒంటి రేకు' అని రాసి ఉంది. పక్కనే ముద్దపూల మొక్కల వరుసకు 'ముద్ద కొండగోగు, విదేశీ' అని కొత్త చీటీలు కనిపించాయి.

కాబట్టి నా సిఫారసు ఇది. మొక్క ఆరోగ్యం, మట్టి, కట్టు విషయంలో ఈ నర్సరీకి పూర్తి మార్కులు ఇస్తాను. జాఫ్రా అంటు మొక్క పెట్టిన డబ్బుకు నూరుపాళ్లూ తగినది. గింజ మొక్క చవక గాని రంగు ఏదైనా ఫరవాలేదనుకునేవారికే. ముద్దపూల చెట్టు అందం కోసమే కావాలంటే నిశ్చింతగా కొనవచ్చు, ఎండ, నీరు నిలవని నేల ఉంటే చాలు. అసలు కొండగోగు కావాలంటే మాత్రం ఆకును తిరగేసి నూగు ఉందో లేదో చూసి, అప్పుడే డబ్బు ఇవ్వాలి. నీళ్ల విషయంలో వారి సలహాను జాఫ్రాకూ కొండగోగుకూ ఒకేలా పాటించకూడదు.

కొత్త మొక్కను పెరటి చివర రాళ్ల కుప్ప పక్కన, నీరు నిలవని చోట పెట్టాను. ప్రస్తుతం జానెడు ఎత్తు, మూడు ఆకులు. నాటిన రోజు సాయంత్రం అత్తయ్యగారు పెద్ద ఆకును కోయకుండా వంచి, అడుగువైపు బొటనవేలితో రెండుసార్లు నిమిరారు. ఏమీ అనలేదు. మర్నాడు నేను లేచేసరికి మేకలు రాకుండా దాని చుట్టూ తుమ్మకంప కట్టించి ఉంది.